నిండుకున్న గంప

మొన్న బుధవారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీగారు ఒక సందేశం పెట్టారు. "చేపల ముసలమ్మ ఇప్పుడు లేదు కాబట్టి వెనక గేటుతో మనకు పని లేదు. గేటు తీసేసి గోడ కలిపేద్దాం. ఆదివారం మీటింగులో తీర్మానం." దాని కింద వరసగా బొటనవేళ్లు లేచాయి.

నాకు ఒళ్లు మండింది. గేటు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ రెండు 'లేదు'ల సంగతి. ఆ మాట ఆమె ముందు ఎవరైనా అంటే కత్తిపీట పక్కకు నెట్టి లేచేది. అలాంటి మనిషి పోయి పదిహేను రోజులైనా కాకముందే ఆమె మీదే ఆ మాట వేశారు.

ఆమె పేరు నాకు తెలియదు. నాలుగేళ్లపాటు వారానికి మూడుసార్లు ఆమె దగ్గర చేపలు కొన్నదాన్ని, ఒక్కసారైనా అడగలేదు. ఇది నా సిగ్గు, దాచుకోను. కాలనీలో అందరం అవ్వ అన్నాం, ఆమె పలికింది, అంతటితో సరిపెట్టుకున్నాం.

మేం ఉండేది శామీర్‌పేటకూ మేడ్చల్‌కూ మధ్య, ఒక చిన్న చెరువు ఒడ్డున. అంతకుముందు అల్వాల్‌లో రైలు పట్టాల పక్కన రెండు గదుల్లో ఉండేవాళ్లం. రైలు వెళ్లినప్పుడల్లా గూట్లో గిన్నెలు మాట్లాడుకునేవి. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చామంటే బ్రోషర్ చూసి వచ్చాం. అందులో నీలం రంగు చెరువు, దాని మీద రెండు హంసలు. వచ్చాక చూస్తే కొంగలున్నాయి. కొంగలతో నాకు పేచీ లేదు గానీ హంసలకు డబ్బు కట్టాం కదా అని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

ఇటు ఊరు, అటు చెరువు, నడిమధ్యన మా కాలనీ. ఊళ్లో చేపలు పట్టే ఇళ్లవాళ్లు చెరువుకు నడిచే కాలిబాట మీదే మా బ్లాకులు లేచాయి. బాట పూర్తిగా మూస్తే గొడవవుతుందని కట్టినాయన ముందు ఒక పెద్ద గేటు, వెనక చెరువు వైపు ఒక చిన్న గేటు వదిలాడు. ఆ రెండు గేట్ల మధ్య మా కార్ల పక్కనుంచి, తులసి కుండీల పక్కనుంచి పోయేదే ఆ పాత బాట. మొదట్లో ఊళ్లోవాళ్లందరూ నడిచేవాళ్లట. పేరు రాయి, ఫోన్ నంబరు చెప్పు, చెప్పులు దులుపుకో అని మనవాళ్లు సతాయిస్తే, ఒక్కొక్కరే బండ్లు కొనుక్కుని మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టారు. అవ్వ ఒక్కతే మానలేదు.

పొట్టి మనిషి. నడక మాత్రం పొట్టిది కాదు. ముదురాకుపచ్చ చీర మోకాలి కిందికి ఎగ్గట్టి, తల మీద సుట్టబట్ట, దాని మీద వెదురుగంప, రెండు చేతులూ వదిలేసి నడిచేది. గంపను చేత్తో పట్టుకోగా నేను ఎన్నడూ చూడలేదు. పొద్దున్నే ఖాళీ గంపతో ముందు గేటులోంచి వచ్చి వెనక గేటులోంచి చెరువుకు వెళ్లేది. కొడుకు తెప్ప ఒడ్డుకు రాగానే చేపలు నింపుకుని మళ్లీ లోపలికి వచ్చి గేటు పక్కన బండ మీద కత్తిపీట వేసుకుని కూర్చునేది. బొచ్చె, రవ్వు, అదృష్టం బాగుంటే కొర్రమట్ట. కొర్రమట్టను బూడిదతో తోముతూ దానితో మాట్లాడేది. "జారకే, జారి ఎటు వోతవ్, నీ సెరువంత వీళ్ల ఇండ్లే గద."

వెనక గేటు దగ్గరి వాచ్‌మన్ నాగారం నుంచి సైకిల్ మీద వస్తాడు. యాభై దాటినవాడు. లోపలికి వచ్చేవాళ్లనూ బయటికి పోయేవాళ్లనూ చేతిలో ఏముందో అడగాలని అతనికి రూలు. రోజూ చూసే మనిషినైనా అడగాల్సిందే, కెమెరా పెట్టారు.

"గంపల ఏమున్నది పెద్దమ్మా?"

చేపలుంటే చేపల పేర్లు చెప్పేది. లేకపోతే ఒకటే జవాబు. "నిండుకున్నది."

మా అమ్మ కూడా అలాగే అనేది. డబ్బాలో బియ్యం అయిపోతే అయిపోయాయని అనకూడదు, నిండుకున్నాయనాలి. మనందరి ఇళ్లలో ఉన్న మాటే. కానీ మనం బియ్యానికి, పసుపుకు, దీపంలో నూనెకు వాడి మిగతా వాటికి వదిలేశాం. అవ్వ దేనికీ వదల్లేదు. సెల్‌ఫోన్‌లో చార్జింగ్ నిండుకున్నది. మోకాళ్లలో బలం నిండుకున్నది. వాడలో నల్లా నీళ్లు నిండుకున్నయి. ఆమె నోట 'లేదు' అన్న మాట నేను వినలేదు.

ఒకసారి ఎందుకని అడిగాను. పొలుసు గీకుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "కొత్తగ కాపురానికి వచ్చిననాడు బియ్యం నిండుకుంటే అత్తతోని గా పాడు మాట గట్టిగ అన్న. మా అత్త చెంప వలగ్గొట్టింది. గట్ల అంటే ఇంట్లున్న లచ్చిమి ఇంటదట. నిజమే గావచ్చు, ఇగ నేనెందుకీడ అని లేసి పోతదట." చేపను రెండో వైపుకు తిప్పి మళ్లీ అంది. "అయాల్టికెల్లి గా మాట నోట్లకు రానియ్య. దెబ్బకు భయపడి గాదు. మా అత్త సెప్పింది నిజమే అనిపిచ్చింది."

ఆ మాట వల్ల ఆదివారాలు తమాషా జరిగేది. ఆదివారం మా చెరువుకు సిటీ నుంచి జనం వస్తారు. కట్ట మీద ఫోటోలు, కంకులు, కార్లలో పాటలు. వాళ్లను ఆమె సుట్టాలు అనేది, చుట్టాలు అన్నమాట. ఒకరోజు గంప బోర్లించి కత్తిపీట కడుగుతుంటే ఒక కుర్ర జంట వచ్చి చేపలున్నాయా అని అడిగారు.

"నిండుకున్నయి బిడ్డ," అంది.

ఆ పిల్ల ముఖం వెలిగింది. "ఫుల్‌గా ఉన్నాయట," అని మొగుడికి చెప్పి, రెండు కిలోలు ముక్కలు కొట్టమంది. అవ్వ కత్తిపీట తుడుస్తూ కూర్చుంది. వాళ్లు నిలబడ్డారు. పావుగంట గడిచింది. ఆ అబ్బాయి, ఇంకెంతసేపు అన్నాడు.

"రేపు పొద్దుగాల దాంక," అంది అవ్వ.

వాళ్లు వెళ్లాక నవ్వింది. ముందు పళ్లు రెండే. నేనూ నవ్వాను, తెలుగు రాని పిల్లలని. తెలుగొచ్చిన నా సంగతి వస్తుంది, ఆగండి.

మా బ్లాకుల పేర్లు ఆమె ఒప్పుకోలేదు. ఎ బ్లాకు ఆమెకు తుమ్మలకాడ. మా సి బ్లాకు బర్రెల రేవు. ఈతకొలను ఉన్నచోట చాకలి బండలుండేవట. "మూడో అంతస్తుల నువ్వుండేదా? బర్రెలు పండుకునే కాడ పండుకుంటున్నవన్నట్టు, మంచి నిద్ర వడ్తది," అని నన్ను ఆటపట్టించేది. ఒకసారి నేనూ కొంచెం పౌరుషంగా, నాలుగేళ్లయింది కదా అవ్వా, ఇంకా మమ్మల్ని చుట్టాల కిందే లెక్కేస్తావా అన్నాను.

"సుట్టం తొవ్వ అడుగుతడు," అంది. "ఊరోడు తొవ్వ ఇడువడు." తొవ్వ అంటే ఆమె భాషలో దారి. నాకు అప్పుడు అర్థం కాలేదు. సామెత కాబోలనుకుని మెచ్చుకున్నాను.

ఇప్పుడు నా తెలుగు సంగతి. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఇరవై ఏళ్లుగా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల కాపీల్లో తప్పులు దిద్దుతున్నాను. ఎర్ర సిరా పెన్ను లేకుండా నా సంచి ఉండదు. రెండేళ్ల కింద వానాకాలంలో ఒక పొద్దున చేపలు తూస్తూ అవ్వ గడ్డంతో చెరువు వైపు చూపించి అంది.

"సెరువు నిండుకుంటాంది పంతులమ్మా."

నేనేం చేశానంటే ఫోన్ తీసి గ్రూపులో పెట్టాను. శుభవార్త, మన చెరువు నిండుతోంది అని. దండాలు, పూలు, చప్పట్లు. పడవలు తెప్పిద్దామని ఒకాయన. లేక్ వ్యూ ఫ్లాట్లకు ఇక తిరుగులేదని ఇంకొకాయన. నేను చేపలు పట్టుకుని ఇంటికొచ్చి పులుసు పెట్టాను.

మూడు వారాల తర్వాత సెలవు రోజున నడుద్దామని ఉత్తరం వైపు కట్ట దాకా వెళ్లాను. నీళ్లుండాల్సిన చోట ఎర్రమొరం పరిచి ఉంది. లారీ చక్రాల గుర్తులు. రెండెకరాల పైనే పూడ్చి, చదును చేసి, రాళ్లు పాతారు. చెరువు నిండడం లేదు. నిండుకుంటోంది.

కోపంతో ఊగిపోతూ ఆమె దగ్గరికి వచ్చాను. నాకు చెప్పొచ్చు కదా అవ్వా అన్నాను. కత్తిపీట మీద చేప అలాగే ఆగింది. తలెత్తి నా వైపు చూసింది.

"సెప్పిన గదనే. నువ్వు ఇనకుంట ఫోన్ల రాసినవ్."

ఫోన్ తీసి నేను పెట్టిన సందేశం మళ్లీ చదువుకున్నాను.

"సదువుకున్నదానివి, ఒక అర్జీ రాస్తవని నీకు సెప్పిన. ఇంకెవ్వలకన్న ఎందుకు సెప్త? లారీలు అప్పుడు రెండే వచ్చినయి. అర్జీ పడితే ఆగుతుండె." చేపను మళ్లీ కత్తికి ఆనించింది. "నువ్వు పిల్లలకు తెలుగు సెప్తవంటరు. నిజమేనా?"

తర్వాత అర్జీ రాశాను. మూడు ఆఫీసులకు తిరిగాను. మొరం మొరంలాగే ఉంది, దాని మీద ఇప్పుడు గడ్డి కూడా మొలిచింది. తెలుగు రాని ఆ కుర్ర జంట రెండు కిలోల చేపలు పోగొట్టుకున్నారు. నేను రెండెకరాల నీళ్లు పోగొట్టాను. ఈ లెక్క నేను ఎవరి ముందైనా ఒప్పుకుంటాను.

ఆ ఏడే మా కమిటీ వెనక గేటు మీద పడింది. చేపల వాసన, ఈగలు, భద్రత, ఇంకా ఏవేవో. మండలాఫీసు నుంచి సర్వే చేసే సారును పిలిపించారు. ఆయన పాత నక్షా చూసి, ఇక్కడ కాలిబాట ఉంది, వాడుకలో ఉన్నంతకాలం మూయడానికి వీలుపడదు అన్నాడు. వాడుకుంటున్నది ఒక్క ముసలమ్మే అన్నారు సెక్రటరీగారు. అయితే ఆమెనే పిలవండి అన్నాడు సర్వే సారు.

సెక్రటరీగారు చెడ్డమనిషి కాదు. మెత్తగా మాట్లాడతారు, మెత్తగానే పని జరిపించుకుంటారు. అవ్వకు కుర్చీ వేయించారు. ఆమె దాని పక్కన కింద కూర్చుంది. ముందు గేటు దగ్గర పెద్ద గొడుగు పెట్టిస్తాం, సిమెంటు దిమ్మె కట్టిస్తాం, నీళ్ల పంపు ఇస్తాం, చెరువు నుంచి రోజూ మా ఆటోలోనే చేపలు తెప్పిస్తాం, మోకాళ్ల నొప్పులతో నడిచే బాధ తప్పుతుంది అన్నారు. అవన్నీ నిజంగానే ఇచ్చేవారు కూడా. బదులుగా ఒక కాగితం మీద వేలిముద్ర.

"ఏం రాసిన్రు సదువుండ్రి," అంది.

సర్వే సారు చదివాడు. ఈ బాటతో నాకు పని లేదు.

"మల్ల సదువు."

మళ్లీ చదివాడు.

"అన్ని మంచిగనే ఉన్నయి సారు. ఆఖరి మాట ఒక్కటి మార్చుండ్రి."

"ఏమని మార్చాలి?"

"పని ఉన్నది అని."

సర్వే సారు దగ్గినట్టు చేసి నవ్వు దాచుకున్నాడు. సెక్రటరీగారు ఇంకా మెత్తబడ్డారు. "నీ ఒక్కదాని కోసం ఇన్ని ఇళ్లవాళ్లం ఇబ్బంది పడాలా అవ్వా? ఒక్క మాటే కదా."

"గా ఒక్క మాట నాకు రాదు సారు. మా అత్త నేర్పియ్యకపాయె." సుట్టబట్ట విప్పి, మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. చేతులు పనిలో ఉంటేనే ఆమెకు మాట వచ్చేది. "నా ఒక్కదాని కోసం గాదు. మా వాడ మొత్తానికి గిదే దగ్గరి తొవ్వ. నీళ్లల్ల మనిషి వడితే బండెక్కి రోడ్డు సుట్టు తిరిగొస్తరా? గిట్లకెల్లే ఉరుకాలె. అందరికి పనులుంటయి, రోజు నడువరు. నేను నడుస్త. నేను నడుస్తున్న గాబట్టి ఇది తొవ్వ. నేను కూసుంటే ఇది మీ గోడ."

ఆమె లేచి గంప తల మీద పెట్టుకుంది. గొడుగు, దిమ్మె, పంపు, ఆటో అన్నీ అక్కడే కుర్చీలో ఉండిపోయాయి. సర్వే సారు 'బాట వాడుకలో ఉంది' అని రాసి, సంతకం చేసి వెళ్లిపోయాడు. నేను వరండాలో నిలబడి అంతా చూశాను, ఒక్క మాట సాయం చేయలేదు. అదీ చెప్పాలి.

ఆ తర్వాత ఆమె నడక మానిన రోజు నాకు గుర్తు లేదు. చెరువులో వల పడని రోజుల్లోనూ వచ్చేది. వానలో గంప బోర్లించి తల మీద పెట్టుకుని వచ్చేది. చేపలు పట్టకూడని నెలల్లో ఉట్టి గంపతో పోయి, కట్ట మీద కాసేపు కూర్చుని, ఉట్టి గంపతోనే తిరిగొచ్చేది. ఖాళీ గంప ఎందుకు మోస్తావు అవ్వా, చేతులూపుకుంటూ నడవొచ్చు కదా అన్నాను ఒకసారి.

"ఉట్టి చేతుల్తోని నడిస్తే షికారు అంటరు. గంప ఉంటే పని అంటరు," అంది.

పోయిన నెల జ్వరం వచ్చింది. రెండు రోజులు జ్వరంతోనే నడిచింది. మూడో రోజు రాలేదు. నేను స్కూలుకు బయల్దేరుతుంటే వాచ్‌మన్ సైకిల్ ఆపి, "పెద్దమ్మ…" అని ఆగిపోయాడు. ఏ మాట వాడాలో అతనికి తోచలేదు. నాకూ అక్కర్లేకపోయింది.

గ్రూపులో ఆ సందేశం చూసిన సాయంత్రమే వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. నాలుగేళ్లలో అదే మొదటిసారి. కోడలు జీడిమెట్లలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. గంప గోడకు మేకు మీద వేలాడుతోంది.

"తొవ్వ నువ్వు నడుస్తావా?" అని అడిగాను.

"నాకు ఆరింటికే బస్సమ్మా. ఆయన బండి మీద పోతడు. ఎవ్వలు నడుస్తరు?" అంది. కళ్లలో నీళ్లు తుడుచుకోలేదు, తుడుచుకునే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

"గంప నాకిస్తావా?"

"ఏం జేస్తవమ్మా దాంతోని?"

"నడుస్తాను."

నన్ను ఎగాదిగా చూసింది. పిచ్చిదనుకుందో ఏమో. తర్వాత మేకు మీది నుంచి గంప తీసి, లోపలికి పోయి సుట్టబట్ట కూడా తెచ్చింది. "సంకల వెట్టుకోకు, పక్కెముకలు నొస్తయి. నెత్తి మీదనే వెట్టుకో. రెండు రోజులు మెడ గుంజుతది, తర్వాత అలువాటైతది."

వెళ్లబోతూ, అత్త పేరేమిటని అడిగాను. చెప్పింది. ఇక్కడ రాయను. అడగడానికి నాలుగేళ్లు తీసుకున్నదాన్ని, దాన్ని నలుగురిలో పంచే హక్కు నాకు రాలేదు.

గురువారం, శుక్రవారం, శనివారం నడిచాను. మెడ గుంజింది. బాల్కనీల్లోంచి చూశారు. మా ఆయన మొదటి రోజు నవ్వాడు, రెండో రోజు నవ్వలేదు, మూడో రోజు నాకంటే ముందు లేచి టీ పెట్టాడు.

ఆదివారం మీటింగు. క్లబ్‌హౌసులో అందరూ కూర్చున్నారు. తీర్మానం టైపు చేసి తెచ్చారు. వెనక గేటు బాట వాడుకలో లేదు అని ఉంది. కింద సంతకాలు. కాగితం చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చేసరికి సగం నిండిపోయింది.

"టీచర్‌గారూ, మీరు ఆవిడంటే అభిమానం చూపిస్తున్నారు, మాకూ బాధగానే ఉంది," అన్నారు సెక్రటరీగారు మెత్తగా. "కానీ మనిషే లేదు కదా. ఇంక బాటెందుకు?"

నేను సంచిలోంచి ఎర్ర పెన్ను తీశాను. 'లేదు' మీద అడ్డంగా గీత గీశాను. పైన 'ఉంది' అని రాశాను. పిల్లల కాపీల్లో ఎలా దిద్దుతానో అలాగే, తప్పు కనబడేలా, దిద్దుబాటూ కనబడేలా. పక్కన నా పేరు, ఫ్లాటు నంబరు, మూడు రోజుల తేదీలు వేశాను.

"ఇదేంటండీ?" అన్నారాయన.

"తప్పు రాశారు, దిద్దాను. ఇంతకుముందు ఒకసారి నేనే తప్పు చదివాను, రెండెకరాలు పోయింది. ఈసారి దిద్దకుండా వదలను. ఈ కాగితం ఎక్కడికి పంపిస్తే అక్కడికి వచ్చి నేనూ చెప్తాను, బాట వాడుకలో ఉందని. రేపూ ఉంటుంది."

వెనక వరసలో ఎవరో ఏదో అన్నారు. నేను వినలేదు. కుర్చీ కింద పెట్టిన గంప తీసుకుని, సుట్టబట్ట చుట్టుకుని, తల మీద పెట్టుకున్నాను. చేతులు వదలడం నాకింకా రాదు, ఒక చెయ్యి వేసి పట్టుకునే నడిచాను.

వెనక గేటు దగ్గర వాచ్‌మన్ కొత్త తాళం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఇబ్బందిపడ్డాడు. మీటింగు కాగానే తాళం వేయమన్నారట. కెమెరా వైపు ఒకసారి చూశాడు, గంప వైపు ఒకసారి చూశాడు. తర్వాత రూలు ప్రకారం అడిగాడు.

"గంపల ఏమున్నది టీచరమ్మా?"

"నిండుకున్నది," అన్నాను.

అతను తాళం జేబులో వేసుకుని, గేటు తీశాడు.